కిర్కు: ఒక మాట చరిత్ర

స్కాట్లండు ప్రజల నోట నేటికీ నిలిచి ఉన్న ‘కిర్కు’ అనే మాటకు చిన్న నిఘంటువులు ఇచ్చే అర్థం ఒక్కటే: క్రైస్తవ ప్రార్థనామందిరం. ఇంగ్లీషువారి ‘చర్చి’కి ఇది ఉత్తరాది ఉచ్చారణ అని చెప్పి అవి ఊరుకుంటాయి. కాని 16, 17 శతాబ్దాల స్కాటిష్ పత్రాలను చదవబూనినవారికి ఈ అర్థం రెండు పుటలు దాటకముందే చాలకుండా పోతుంది. ఆ పత్రాలలో కిర్కు మనుష్యులను పిలిపిస్తుంది, ప్రశ్నిస్తుంది, శిక్షిస్తుంది, క్షమిస్తుంది. కిర్కుకు భూములుంటాయి, శత్రువులుంటారు, చివరకు ఒక రాజ్యమే ఉంటుంది. ఇవి రాతిగోడలు చేసే పనులు కావు. మాట ఒకటే అయినా దాని చాటున నిలిచి పలికేవారు వేరువేరు. ఆ పలికే అధికారం ఎవరిదన్న ప్రశ్న మీద స్కాట్లండులో నూరేండ్లకు పైగా కలహం నడిచినది.

మాట పుట్టుక గ్రీకు భాషలో ఉన్నది. ఆ భాషలో ‘కురియాకోన్’ అనగా ప్రభువుకు చెందినది. ప్రభువు ఇల్లు అని తాత్పర్యం. జర్మానిక్ జాతులు ఈ మాటను స్వీకరించగా అది ప్రాచీన ఇంగ్లీషులో ‘చిరిచె’ అనీ, ఉత్తర సముద్రం దాటి వచ్చిన స్కాండినేవియనుల భాషలో ‘కిర్క్యా’ అనీ, జర్మనులలో ‘కిర్ఖె’ అనీ రూపొందినది. ఇంగ్లండు దక్షిణ భాగంలో కకారం చకారమై ‘చర్చి’ ఏర్పడినది. ఉత్తరాన, స్కాండినేవియనుల పొత్తు బలంగా ఉన్న చోట, కకారమే నిలిచి ‘కిర్కు’ అయినది. కన్నడంలో ‘కివి’, ‘కెయ్’ అయినవి తెలుగులో ‘చెవి’, ‘చెయ్యి’ కావడం ఎరిగిన పాఠకులకు ఈ మార్పు వింతగా తోచదు.

క్రైస్తవుల వ్యవస్థను తెలిపే గ్రీకు మాట మరియొకటి ఉన్నది. అది ‘ఎక్లేసియా’, పిలువబడి కూడిన జనసభ అని దాని అర్థం. క్రొత్త నిబంధనలో వాడబడినది ఈ మాటే. లాటిను ద్వారా ఇది ఫ్రెంచిలో ‘ఎగ్లీజ్’గా, పోర్చుగీసులో ‘ఇగ్రేజా’గా, స్కాట్లండు కొండసీమల గేలిక్ భాషలో ‘ఎగ్లిష్’గా మారినది. హిందీలోని ‘గిర్జా’ పోర్చుగీసు మాట నుండి వచ్చినదే. ఈనాడు హిందీవారు ‘గిర్జా’ అన్నా, తెలుగువారు ‘చర్చి’ అన్నా ఒక్క కట్టడమే మనసులో మెదలుతుంది. కాని ఒకటి పుట్టుకచేత జనసభ, రెండవది ప్రభువు ఇల్లు. తెలుగు బైబిలు అనువాదకులు ‘ఎక్లేసియా’ను ‘సంఘము’ అని తెనిగించి ఈ భేదాన్ని కాపాడినారు. స్కాట్లండులో ఆ భేదం నిలువలేదు. ఇంటిని తెలిపే ‘కిర్కు’ మీదనే సభను తెలిపే బరువు కూడా పడినది. తరువాతి చరిత్రకంతకు ఇది బీజం.

ఈ మాట ఆ నేల మీద ఎంత గాఢంగా నాటుకొన్నదో ఊళ్ల పేర్లు చెబుతాయి. ఆర్క్‌నీ ద్వీపాలలోని కిర్క్‌వాల్ ‘కిర్కు ఉన్న అఖాతం’ అనే స్కాండినేవియన్ పేరు. కిర్కూబ్రీ అనే ఊరు కుత్‌బర్ట్ మహర్షి పేర వెలసిన కిర్కు. ఫాల్‌కిర్క్ కథ మరింత ఆసక్తికరం. ఆ ఊరికి గేలిక్‌లో ‘మచ్చల గుడి’ అనే అర్థం గల పేరు ఉండేది. లాటిను పత్రాలు దానిని అనువదించి ‘వారియా కాపెల్లా’ అన్నాయి. స్కాటులు మరల అనువదించి ‘ఫా కిర్కు’ అన్నారు. భాషలు మూడు మారినా రంగురంగుల రాళ్లతో కట్టిన ఆ గుడి పేరు మాత్రం మారలేదు. దీనికి విరుద్ధంగా, అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ జన్మించిన కిర్కాల్డీకి కిర్కుతో సంబంధమే లేదు. అందులోని మొదటి భాగం కోటను తెలిపే ‘కైర్’ అనే ప్రాచీన దేశీయ పదం. ఆ పదం మరపున పడిన పిమ్మట ప్రజలు తమకు పరిచితమైన ‘కిర్కు’ను దాని స్థానంలో వినసాగినారు.

మధ్యయుగాలలో ఈ మాటకు ముఖ్యంగా మూడు వాడుకలు కనిపిస్తాయి. మొదటిది కట్టడం. అది పవిత్ర స్థలం. దాని ఎల్లలో తలదాచుకొన్నవానిని పట్టుకోరాదు. ఈ రక్షణకు ప్రాచీన స్కాట్సులో ‘గిర్త్’ అని పేరు. 1306 ఫిబ్రవరి 10న రాబర్ట్ బ్రూస్ తన ప్రత్యర్థి జాన్ కోమిన్‌ను డంఫ్రీస్ పట్టణంలోని సన్యాసుల కిర్కులో చంపినప్పుడు, హత్య కంటె ఆ హత్య జరిగిన స్థలమే అతనిని పోపు చేత వెలివేయించినది. రెండవది ‘హేలీ కిర్కు’, అనగా పవిత్ర సంఘం; రోము పోపు ఏలుబడిలోని యావత్ క్రైస్తవ లోకానికి అది పేరు. 1192లో పోపు మూడవ సెలెస్టిన్ స్కాటిష్ సంఘాన్ని రోముకు ప్రత్యేక పుత్రికగా గుర్తించి, యార్క్ ఆర్చిబిషప్పు పెత్తనం నుండి విడిపించినాడు. అందుచేత స్కాటులకు తమ కిర్కు తమదే అన్న అభిమానం సంస్కరణకు మూడున్నర శతాబ్దాల ముందే కలిగినది. మూడవది ‘కిర్కుమెన్’ అనే సమాసంలోని అర్థం: మతాధికారుల వర్గం. రాజ్యసభలో మొదటి శ్రేణి వారిదే.

ఇవి గాక నిత్యజీవితంలో అల్లుకొన్న వాడుకలు లెక్కకు మిక్కిలి. ‘కిర్కు, సంత’ అని జంటగా అంటే నలుగురూ కూడే బహిరంగ స్థలమని అర్థం. సంతకూ కిర్కుకూ వెళ్లగలవాడు ఆరోగ్యవంతుడు. పెండ్లి ప్రకటన, వేలం పాట చాటింపు కిర్కు వాకిట జరిగేవి. ఈ మాట క్రియగా కూడా నడిచినది. క్రొత్త పెండ్లికూతురిని, ప్రసవించి లేచిన బాలింతను మొదటిసారి ప్రార్థనకు తీసుకొనిపోవడం ఆమెను ‘కిర్కు చేయడం’. సామాన్యునికి కిర్కు అనేది పుట్టుక, పెండ్లి, చావు జరిగే చోటు. ఇంత సన్నిహితమైన మాట కనుకనే దానిని చేజిక్కించుకొన్నవారికి ప్రజల మీద అంత పట్టు దొరికినది.

మతసంస్కరణవాదులు ఆరంభంలో ఈ మాటను తమదిగా చెప్పుకోలేదు. 1557 డిసెంబరులో కొందరు ప్రభువులు చేసికొన్న ప్రతిజ్ఞాపత్రంలో వారు తమను ‘కాంగ్రిగేషన్’, అనగా సమాజం, అని పిలుచుకొన్నారు. చరిత్రలో వారికి ‘సమాజ ప్రభువులు’ అనే పేరే నిలిచినది. కిర్కు అప్పటికి ప్రతిపక్షుల చేతిలో ఉన్నది. దాని గోడలు, భూములు, పన్నులు వారివి. 1560లో సంస్కరణ పక్షం గెలిచినది. జాన్ నాక్స్‌తో సహా ఆరుగురు, ఆరుగురూ జాన్ అనే పేరు గలవారే, నాలుగు దినాలలో రచించిన విశ్వాస ప్రకటనను ఆగస్టు 17న పార్లమెంటు ఆమోదించినది. ఆ ప్రకటనలో కిర్కు అనే మాటకు సరిక్రొత్త సరిహద్దులు గీయబడినాయి. నిజమైన కిర్కు అన్ని కాలాల, అన్ని దేశాల భక్తులతో కూడినది; దానిలోనివారెవరో దేవునికే తెలియును. భూమి మీద దానిని గుర్తించడానికి మూడు లక్షణాలున్నవి: వాక్యాన్ని యథార్థంగా బోధించడం, సంస్కారాలను సక్రమంగా నిర్వహించడం, క్రమశిక్షణను న్యాయంగా నడపడం. ఇవి లేని కిర్కు, ఎంత పురాతనమైనదైనా, దుష్ట కిర్కు. ఈ విధంగా విజేతలు పాతమాటను స్వాధీనం చేసికొని, దానిని నిన్నటివరకు అనుభవించినవారిని ఆ మాట వెలుపల నిలిపినారు.

మాట స్వాధీనమైనంత సులభంగా ఆస్తి స్వాధీనం కాలేదు. 1562లో ఏర్పడిన పద్ధతి ప్రకారం పాత మతాధికారులు తమ ఆదాయంలో మూడింట రెండు వంతులను జీవితాంతం అనుభవించవచ్చును. తక్కిన ఒక వంతును రాజకోశం, క్రొత్త బోధకులు పంచుకోవలెను. ఆదాయంలో రెండు పాళ్లు సైతానుకు పోగా, మూడవ పాలును దేవుడూ సైతానూ పంచుకొంటున్నారని నాక్స్ ఆక్షేపించినాడు. పారిష్‌కొక బడి ఉండవలెనని సంస్కర్తలు వ్రాసికొన్న ప్రణాళిక ధనం లేక వెనుకబడినది. 1587లో కిర్కు భూములు చాలవరకు రాజుకు దత్తమైనాయి. ‘కిర్కు ఆస్తి’ అంటే ఎవరి ఆస్తి అన్న ప్రశ్న ఆనాడు పుట్టినది.

ఇక్కడ మరియొక విచిత్రం గమనించదగినది. సంస్కరణ స్కాటులకు బైబిలును ఇచ్చినది గాని వారి భాషలో ఇవ్వలేదు. ఎయిర్‌షైర్‌కు చెందిన మర్డాక్ నిస్బెట్ 1520 ప్రాంతంలో క్రొత్త నిబంధనను స్కాట్సులో వ్రాసికొన్నాడు. ఆ వ్రాతప్రతి 20వ శతాబ్దారంభం వరకు అచ్చు ముఖం చూడలేదు. 1579లో స్కాట్లండులో మొదట అచ్చయిన బైబిలు జెనీవాలో సిద్ధమైన ఇంగ్లీషు అనువాదమే. దానిలో ఉన్న మాట ‘చర్చి’. బోధకుడు గ్రంథం తెరచి ‘చర్చి’ అని చదివి, తల ఎత్తి ‘కిర్కు’ అని ప్రసంగించేవాడు. గ్రంథభాషకూ ఇంటిభాషకూ నడుమ ఏర్పడిన ఈ చీలిక రానురాను పెరిగి, ప్రభుత్వ పత్రాలలో ఇంగ్లీషు రూపానికి దారి తీసినది.

ఈ మాట చరిత్రలో కీలకమైన సంవత్సరం 1578. ఆ ఏడు సంఘ మహాసభ ఆమోదించిన ‘రెండవ క్రమశిక్షణ గ్రంథం’ నిఘంటుకారుని వలె ఆరంభమవుతుంది. కిర్కు అనే మాట మూడు విధాలుగా గ్రహింపబడుతున్నదని అది చెబుతుంది. విశాలార్థంలో, సువార్తను ఒప్పుకొనే సమస్త జనం. వారిలో కపటులు కూడా ఉండవచ్చును. రెండవ అర్థంలో, దేవుడు ఎన్నుకొన్న భక్తులు మాత్రమే. మూడవ అర్థంలో, ఆ జనం నడుమ ఆధ్యాత్మిక విధులు నిర్వహించేవారు. పిమ్మట ఆ గ్రంథం అతి ముఖ్యమైన వాక్యం చేరుస్తుంది: దేవుడు దయచేసిన అధికారం ఈ మూడవ అర్థంలోని కిర్కుకు ఉన్నది, ఆ అధికారం రాజాధికారం నుండి వేరు. దీనిని రూపొందించినవారిలో ముఖ్యుడు ఆండ్రూ మెల్విల్. భాషాశాస్త్ర దృష్టితో చూస్తే ఇది నిర్దోషమైన విభాగం. రాజకీయ దృష్టితో చూస్తే పర్యవసానం వేరు. ప్రజలందరికీ చెందిన పేరు, వారిలో కొందరు నడిపే అధికారం, రెండూ ఒక్క మాటలో ఇమిడినాయి. మూడవ అర్థంలో ఆజ్ఞాపించి, మొదటి అర్థంలోని గౌరవాన్ని కోరే అవకాశం అందువలన కలిగినది.

రాజు ఆరవ జేమ్సు ఈ ప్రమాదాన్ని వెంటనే పసికట్టినాడు. 1584లో చేసిన శాసనాలు లౌకిక, ఆధ్యాత్మిక శ్రేణులన్నిటి మీద రాజాధికారాన్ని ప్రకటించి, రాజు అనుమతి లేని సభలను నిషేధించినాయి. 1592లో పార్లమెంటు మరల పెద్దల సభలను, ప్రాంతీయ సభలను గుర్తించినది. 1596లో ఫాక్లండు రాజభవనంలో మెల్విల్ రాజు చొక్కాచేయి పట్టుకొని స్కాట్లండులో రాజులిద్దరు, రాజ్యాలు రెండు అని చెప్పినాడు. క్రీస్తు రాజ్యమైన కిర్కులో జేమ్సు రాజు కాడు, ప్రభువు కాడు, శిరస్సు కాడు. ఒక సభ్యుడు మాత్రమే. ఆ సందర్భంలో అతడు రాజును దేవుని ‘సిల్లీ’ సేవకుడు అన్నాడు. నేటి ఇంగ్లీషు అర్థంతో చదివినవారు దీనిని బుద్ధిహీనుడనే తిట్టుగా భావిస్తారు. ప్రాచీన స్కాట్సులో ఆ మాటకు బలహీనుడు, దీనుడు అని అర్థం. తిట్టు కాకపోయినా రాజుకు ఇంపైన మాట కాదు. ఇంగ్లండు సింహాసనం కూడా దక్కిన పిమ్మట జేమ్సు మెల్విల్‌ను లండనుకు రప్పించి, 1607 నుండి 1611 వరకు కోటలో బంధించినాడు. మెల్విల్ 1622లో ఫ్రాన్సుదేశపు సెడాన్ పట్టణంలో మరణించినాడు. మరల స్వదేశం చూడలేదు.

రాజభవనంలో స్వాతంత్ర్యపు మాటగా వినిపించిన కిర్కు పల్లెలో వేరుగా వినిపించేది. ప్రతి పారిష్‌లోను బోధకుడు, కొందరు పెద్దలు కూడి ‘కిర్కు సెషన్’ అనే సభను నడిపేవారు. సెంట్ ఆండ్రూస్ పట్టణపు సెషన్ లేఖనాలు 1559 నుండి లభిస్తున్నాయి. ఇట్టి లేఖనాలలో నిందితులు ‘కిర్కు ముందు’ హాజరైనట్లు వ్రాయబడి ఉంటుంది. ఇక్కడ కిర్కు అనగా ఆ పెద్దల సభ. వ్యభిచారం, తాగుడు, ఇరుగుపొరుగు తిట్లు, ఆదివారం పని చేయడం అక్కడ విచారణకు వచ్చేవి. దోషి పలు ఆదివారాలు గోనెబట్ట కట్టి పశ్చాత్తాప పీఠం మీద అందరి యెదుట నిలువవలెను. కొన్ని చోట్ల కిర్కు గోడకు గొలుసుతో బిగించిన ఇనుప కంఠపట్టీ కూడా ఉండేది. ఆ సభే బీదలకు చందాలు పోగుచేసి పంచేది, అనాథలను ఆదుకొనేది, బడి పంతులుకు జీతం చూసేది, కొట్టే భర్తను మందలించేది. ఒక్క పుస్తకంలోనే శిక్ష, భిక్ష రెండూ వ్రాయబడినాయి. అయినా పీఠమెక్కిన పనిపిల్ల స్థితిని తలచుకొంటే ఈ మాటలోని మెలిక తెలుస్తుంది. బాప్తిస్మం చేత ఆమె కూడా కిర్కే. ఆమెను విచారించేదీ కిర్కే. ఆమె నిలిచి ఉన్న చోటూ కిర్కే. మొదటి అర్థంలో ఆమెకు ఉన్న స్థానం మూడవ అర్థం ముందు పనికి రాలేదు.

అదే సంశ్లేషం మరియొక సమయంలో ప్రజలకు ఆయుధమైనది. మొదటి చార్లెసు పంపిన ప్రార్థన గ్రంథం ముఖపత్రం మీద ‘స్కాట్లండు చర్చి ఉపయోగార్థం’ అని ఉన్నది. స్కాటులను శాంతపరచుటకు అందులో ‘ప్రీస్ట్’ అనే మాటకు బదులు ‘ప్రెస్బిటర్’ అని మార్చినారు. ఆ మార్పు ఎవరినీ తృప్తిపరచలేదు. 1637 జూలై 23న ఎడింబరోలోని సెయింట్ జైల్స్ కిర్కులో ఆ గ్రంథాన్ని చదవబోగా స్త్రీలే ముందుగా అల్లరికి లేచినారు. 1638 ఫిబ్రవరి 28న గ్రేఫ్రయర్స్ కిర్కులో ‘జాతీయ నిబంధన’ మీద సంతకాలు మొదలైనాయి. ఆ ప్రతులు ఊరూరా తిరిగి ప్రభువులవీ, వర్తకులవీ, రైతులవీ చేవ్రాళ్లు పొందినాయి. అదే ఏడు నవంబరులో గ్లాస్గోలో కూడిన మహాసభను రద్దు చేసితినని రాజప్రతినిధి హామిల్టన్ ప్రకటించి వెళ్లిపోయినా, సభ్యులు కదలక కూర్చుండి బిషప్పులను తొలగించినారు. ఆ దినాలలో కిర్కు అంటే జాతి మొత్తం అని చెప్పినా అతిశయోక్తి కాదు.

పది సంవత్సరాలు గడిచేసరికి ఆ మాట మరల కుంచించుకొనిపోయినది. 1648లో అధికారానికి వచ్చిన తీవ్రవర్గాన్ని చరిత్రకారులు ‘కిర్కు పక్షం’ అంటారు. దేశమంతటికీ చెందిన పేరు ఒక పక్షానికి పేరైనది. 1649 శాసనం వారికి నచ్చనివారిని పదవులకు దూరం చేసినది. మంత్రగత్తెల పేర స్త్రీలను వెదకి పట్టి చంపించిన ఘోరం ఆ ఏట తీవ్రమైనది. 1650లో క్రామ్‌వెల్ సైన్యంతో దండెత్తి రాగా, వారు తమ సేన నుండి మతనిష్ఠ చాలనివారిని ఏరి పంపివేసినారు. సెప్టెంబరు 3న డన్‌బార్ వద్ద ఆ సేన ఘోరంగా ఓడిపోయినది. పరిశుద్ధుల కిర్కు అనే రెండవ అర్థాన్ని భూమి మీద సైన్యంగా నిలుపబోయిన ప్రయత్నం అలా ముగిసినది.

1662లో బిషప్పులు తిరిగి వచ్చినారు. దాదాపు 270 మంది బోధకులు తమ పారిష్‌లను విడిచి వెళ్లవలసి వచ్చినది. వారి వెంట నడిచిన ప్రజలు కొండల మీద, బయళ్లలో ప్రార్థనకు కూడినారు. 1670 శాసనం అట్టి సభలలో బోధించినవారికి మరణదండన విధించినది. కట్టడమూ సంఘమూ ఎన్నడూ లేనంత దూరమైనవి: గోడలు ప్రభుత్వం నియమించిన గురువు చేతిలో, జనం ఆకాశం క్రింద. 1690లో పార్లమెంటు పెద్దల సభల పద్ధతిని స్థిరపరచినది. 1707లో ఇంగ్లండుతో రాజ్యం ఏకమైనప్పుడు ఆ పద్ధతికి ప్రత్యేక రక్షణ కల్పింపబడినది. నాటి నుండి శాసనాలలో ‘స్కాట్లండు చర్చి’ అన్న ఇంగ్లీషు రూపం ప్రబలినది. ‘కిర్కు’ ఇంటిమాటగా నిలిచిపోయినది.

కలహం మాత్రం మాటతో కూడ ఇంటికి చేరలేదు. బోధకుని నియమించే హక్కు భూస్వామిదా, సంఘానిదా అన్న వివాదం ముదిరి 1843 మే 18న మూడింట ఒక వంతు బోధకులు మహాసభ నుండి లేచిపోయి స్వతంత్ర సంఘాన్ని స్థాపించినారు. ఆ చీలిక కలకత్తా దాకా వచ్చినది. అక్కడ 1830 నుండి విద్యాసేవ చేసిన అలెగ్జాండర్ డఫ్ స్వతంత్ర సంఘంలో చేరి, తాను పెంచిన విద్యాలయ భవనాన్ని వదలుకొని క్రొత్త విద్యాలయం తెరచినాడు. 1908లో ఆ రెండూ కలిసి బహువచనంతో ‘స్కాటిష్ చర్చెస్ కాలేజి’ అయినాయి. 1929లో స్వదేశంలో సంఘాలు ఏకం కాగా కాలేజి పేరు ఏకవచనమైనది. మదరాసు ఎగ్మూరులో 1821లో తెరచిన సెయింట్ ఆండ్రూస్ మందిరాన్ని ఇంగ్లీషు తెలిసినవారు ‘ది కిర్కు’ అనే పిలుస్తూ వచ్చినారు. మాట ఇక్కడికి చేరేసరికి దానికి గోడలు మాత్రమే మిగిలినాయి.

ప్రాచీన స్కాట్సు పదజాలాన్ని 1700 వరకు సోదాహరణంగా వివరించే మహానిఘంటువు విలియం క్రేగీ ప్రారంభించగా 1931లో వెలువడసాగి, 2002లో 12 సంపుటాలతో పూర్తి అయినది. అట్టి గ్రంథం ఒక మాట అర్థాలను అంకెలు వేసి వేరుపరుస్తుంది. వేరుపరచకపోతే నిఘంటువే లేదు. తెలుగులోనికి తెచ్చేవారికి కూడా ఆ పని తప్పదు. ఒక చోట మందిరం అనీ, ఒక చోట సంఘం అనీ, వేరొక చోట పెద్దల సభ అనీ వ్రాయవలసి ఉంటుంది. కాని మెల్విల్ రాజుతో మాటాడినప్పుడు గాని, పనిపిల్ల పీఠమెక్కినప్పుడు గాని, గ్రేఫ్రయర్స్‌లో రైతు వ్రాలు చేసినప్పుడు గాని ఈ మూడూ విడివిడిగా లేవు. అవి ఒక్క మాటలో కలిసి ఉండుటవల్లనే రాజును ఎదిరించే ధైర్యం ప్రజలకు వచ్చినది. పొరుగువానిని శిక్షించే హక్కు పెద్దలకు వచ్చినది. కనుక ఆ కాలపు పత్రం చదివేవారు కిర్కు అన్న చోటనెల్ల ఆగి, ఇక్కడ మాటాడుతున్నది గోడలా, జనమా, జనం పేర కొందరా అని అడుగవలెను.